మౌనం పాటించిన చొక్కా

చొక్కా ఇంకా బకెట్లోనే నానుతోంది. సబ్బు పొడి, నిమ్మకాయ, పాలు, ఉప్పు, చివరికి పక్కింటావిడ చెప్పిన టూత్‌పేస్టు కూడా అయ్యాయి. నీళ్లు నీలంగా మారాయి గానీ చొక్కా తెల్లబడలేదు. కోపం చల్లారితే రాయబుద్ధి కాదు కనుక ఇప్పుడే రాసేస్తున్నాను.

తిరుపతిలో పాత ఇంకు పెన్నులు సేకరించే అయ్యవారొకరు ఉండేవారు. బడి నుంచి రిటైరయ్యాక గోవిందరాజస్వామి గుడికి దగ్గర్లో ఒక మేడగది, గది నిండా సొరుగులు, సొరుగుల నిండా పెన్నులు. వేసవికి ముందు పోయారు. నిన్న సాయంత్రం సంస్మరణ సభ. నన్నూ మాట్లాడమన్నారు. ఆహ్వాన పత్రంలో నా పేరు కింద ‘కలాల నిపుణులు’ అని అచ్చు వేశారు. నాకు తెలిసిందంతా అయ్యవారి నోట విన్నదే, అందులోనూ సగం మరిచిపోయాను. అయినా అచ్చులో చూసుకున్నాక కాదనడానికి మనసొప్పలేదు. నిపుణుడన్నాక ఆ మాత్రం ఉండాలని, గంజి పెట్టించి ఇస్త్రీ చేయించిన తెల్ల ఖద్దరు చొక్కా వేసుకుని వెళ్లాను.

సభ నాలుగింటికి. ముఖ్య అతిథి ఐదున్నరకు వచ్చారు. ఆయన ఎవరో, ఏ శాఖలో పెద్ద పదవి వెలగబెట్టారో ఇక్కడ చెప్పను. అయ్యవారిని ఆయన ఎన్నడూ చూడలేదు. “చూడకపోతేనేం, గొప్పవారని వినగానే గ్రహించాను” అని మెట్ల దగ్గరే ప్రకటించారు.

వేదిక మీద ఒక పుస్తకం పెట్టారు. అందులో అందరూ అయ్యవారి పెన్నుతోనే నాలుగు ముక్కలు రాయాలట. ఆలోచన బాగుంది. కానీ బయటికి తీసింది షెఫర్ స్నోర్కెల్ అని చూశాక నాకు కాస్త గుబులు పుట్టింది. దాంట్లో ఇంకు నింపింది అయ్యవారి అబ్బాయి. తండ్రి నేర్పినట్టే, చుక్క బయట పడకుండా నింపాడు. ఇంకు సీసా కొని తెచ్చింది మాత్రం సభా నిర్వాహకుడు. అయ్యవారు జీవితమంతా ఉతికితే పోయే నీలమే వాడారు. ఈయన దుకాణంలో రెండు రకాలూ చూసి, “సంస్మరణ సభ కదా, పర్మనెంటే పద్ధతిగా ఉంటుంది” అని అది పట్టుకొచ్చాడట.

ముఖ్య అతిథి రెండు వాక్యాలు రాశారు. కింద అర పేజీ సంతకం చేశారు. పెన్ను మాత్రం కింద పెట్టలేదు. అంతలో నిర్వాహకుడు మైకులో, “అందరం లేచి రెండు నిమిషాలు మౌనం పాటిద్దాం” అన్నాడు. లేచాం. తలలు వంచాం. ముఖ్య అతిథి పక్కన నేను, నా పక్కన దండ వేసిన అయ్యవారి ఫోటో.

తల వంచితే కళ్లు ఎక్కడికి పోతాయి? పక్కవారి చేతుల మీదికి పోతాయి. ముఖ్య అతిథిగారు కళ్లు మూసుకున్నారు. వేళ్లు మాత్రం మేలుకునే ఉన్నాయి. పెన్ను వెనక ఉన్న మరను తిప్పుతున్నాయి.

చేతిలో ఏదుంటే దాన్ని తిప్పకపోతే కొందరికి తోచదు. రీఫిల్ పెన్ను అయితే టిక్కుటిక్కుమనిపిస్తారు, నీళ్ల సీసా అయితే మూత తిప్పుతారు. సమీక్షా సమావేశాల్లో జీవితం గడిపినవారికి ఇది వృత్తిరోగం. స్నోర్కెల్‌తో ఆ ఆటలు కుదరవు. 1952లో అమెరికాలో షెఫర్ కంపెనీ ఆ పెన్నును తెచ్చిందే ఒక సుఖం కోసం: పాళీని ఇంకులో ముంచనక్కర్లేదు, తర్వాత గుడ్డతో తుడవనక్కర్లేదు. వెనక మర విప్పుతూ ఉంటే ముందువైపు పాళీ కిందనుంచి సన్నని గొట్టం ఒకటి దోమ తొండంలా బయటికి వస్తుంది. దాని మొన ఒక్కటీ ఇంకులో పెడితే చాలు. మర పూర్తిగా ఊడాక వెనక భాగాన్ని బారుగా బయటికి లాగి, ఒక్క ఊపున లోపలికి నొక్కాలి. లోపలి గాలి బిగిసి రబ్బరు తిత్తిని నలిపేస్తుంది. చివరికంటా నొక్కగానే ఆ గాలి తప్పించుకుపోతుంది, తిత్తి మళ్లీ ఉబ్బుతూ ఇంకును పీల్చుకుంటుంది. చేతికి మరక అంటదు.

తిత్తి ఖాళీగా ఉన్నప్పటి సంగతి ఇది. నిండుగా ఉన్నప్పుడు నొక్కితే ఏమవుతుందో మీరు ఊహించుకోవచ్చు. నేనూ ఊహించుకుంటూనే నిలబడ్డాను.

తొండం మొన కనిపించింది. చెబుదామంటే మౌనం. నలుగురు కూర్చున్న చోట మాట తప్పించుకోవచ్చు, నలుగురు నిలబడ్డ మౌనాన్ని మాత్రం తప్పించుకోలేం. మోచేత్తో మెల్లగా పొడిచాను. ఆయన కళ్లు తెరవకుండానే ఎడమ చేత్తో నా భుజం తట్టారు. దుఃఖం ఆపుకోలేకపోతున్నానని అనుకున్నట్టున్నారు. ఈసారి గట్టిగా పొడిచాను. ఆయన ఇంకాస్త గట్టిగా తట్టి, మళ్లీ మర పనిలో పడ్డారు. ముందు వరుసలో ఎవరో ఆడమనిషి మమ్మల్ని చూసి కళ్లు ఒత్తుకున్నారు.

నిర్వాహకుడి వైపు చూశాను. ఆయనా కళ్లు మూసుకున్నాడు! మౌనం ముగించాల్సిన మనిషే కళ్లు మూసుకుంటే రెండు నిమిషాలు ఎవరు లెక్కపెట్టాలి? చేతికి గడియారం ఎందుకు? ఏ సభలో చూసినా ఇదే వరస. ఒకరు ఊపిరి పీల్చుకునే లోపలే ‘ఓం శాంతి’ అనేస్తారు, ఇంకొకరు జనాన్ని నిలబెట్టి సమాధిలోకి వెళ్లిపోతారు.

చేసేది లేక అయ్యవారిని తలచుకున్నాను. సభ ఉద్దేశం ఆ విధంగానైనా నెరవేరింది.

ఎవరు నల్లటి పాత పెన్ను పట్టుకెళ్లినా ఆయన ముందు మూత తీసేవారు కాదు. బొటనవేలితో కాండాన్ని వేడెక్కేదాకా రుద్ది ముక్కు దగ్గర పెట్టుకునేవారు. గంధకం వాసన వస్తే ఎబొనైటు, రాకపోతే ప్లాస్టిక్కు. రబ్బరును గంధకంతో ఉడికిస్తేనే ఎబొనైటు అవుతుందని, ఎండలో పెడితే నలుపు పోయి మట్టిరంగు తేలుతుందని చెబుతూ, కిటికీ దగ్గర పెన్ను పెట్టినవారిని కోప్పడేవారు. పార్కర్ 51 చూపిస్తే పాళీని మూసేసిన ఆ ముసుగు చూసి మురిసిపోయేవారు. 1941లో అమ్మకానికొచ్చిన పెన్ను ఇంకా మొదటి గీతకే పలుకుతుందని ఆయన ఆనందం. అయినా పెద్ద పీట రాజమండ్రి రత్నం పెన్నుకే. విదేశీ పెన్నులకు బదులుగా బాగుందని 1935లో గాంధీగారు వార్ధా నుంచి రత్నంగారికి రాసిన సంగతి ఆయన చెబుతుంటే, ఆ ఉత్తరం తన ఇంటికే వచ్చినంత గర్వం ఉండేది గొంతులో.

కొండకు వెళ్లేవారికి ఆయన సలహా ఒకటి ఉండేది. జేబులో ఇంకు పెన్ను ఉంటే నిండుగా ఉండాలి, లేదా ఖాళీగా ఉండాలి, సగం మాత్రం ఉండకూడదు. పైకి పోయేకొద్దీ బయట గాలి ఒత్తిడి తగ్గుతుంది, పెన్నులో చిక్కుకున్న గాలి వ్యాకోచించి ఇంకును పాళీ కింది నాలుక మీదుగా తోసేస్తుంది. దానికి తోడు ఒంటి వేడి. మోకాళ్ల పర్వతం దాటేసరికి జేబులో ఇంకు కక్కేస్తుంది. “స్వామి దగ్గరికి తెల్ల పంచెతో పోయి నీలమేఘశ్యాముడిలా రాకండి” అనేవారు.

ఇక ఇవ్వడం. పెన్ను బాగుందని ఎవరైనా అంటే చాలు, కాగితంలో చుట్టి చేతిలో పెట్టేసేవారు. పాతికేళ్లు వెతికి సంపాదించినదైనా సరే. షరతు ఒక్కటే: దాంతో ఆయనకు ఒక ఉత్తరం రాయాలి. ఫోను చేసి చెబితే చెల్లదు. ఆ ఉత్తరాలకు వేరే సొరుగు ఉండేది. తీసుకున్నవారి సంఖ్యతో పోలిస్తే ఆ సొరుగు చాలా చిన్నది. అందులో నాదీ ఒకటి ఉందని ఈ సందర్భంగా మనవి చేసుకుంటున్నాను.

మర ఊడింది. ముఖ్య అతిథిగారి చేతిలో ఏదో తేడా తెలిసినట్టుంది, కళ్లు తెరిచారు. వెనక భాగం బయటికి లాగారు. అది బారుగా వచ్చింది. నాకు ఒకే ఒక్క ఆశ మిగిలింది: అది డెబ్బై ఏళ్ల పెన్ను. లోపల తిత్తి ఎండి ఉండొచ్చు, రబ్బరు చుట్టలు పగిలి ఉండొచ్చు, గాలి ఎక్కడో దారి చూసుకుని పోవచ్చు. కానీ బాగుచేసింది అయ్యవారు. కొత్త తిత్తికి వాసన లేని టాల్కు పొడి రాసి ఎక్కించడం, రబ్బరు చుట్టలు మార్చి సిలికాన్ గ్రీజు పూయడం, చివరికి పెన్నును చెవి దగ్గర పెట్టుకుని నొక్కి, ‘ఉస్’మనే చప్పుడు విని తల ఊపడం, అన్నీ నా కళ్లముందే జరిగాయి. ఆయన పనిలో లోపం ఉండాలని నేను కోరుకున్నది అదొక్కసారే.

ముఖ్య అతిథిగారు నా వైపు తిరిగారు. మౌనం కదా, నోటితో అడగలేదు. పెన్నును నా ఛాతీకి ఎదురుగా పట్టి, ‘ఇదేమిటి?’ అన్నట్టు కనుబొమలు ఎగరేశారు. జవాబు కోసం ఆగకుండా అరచేత్తో వెనకనుంచి నొక్కారు.

‘ఉస్’మంది.

సన్నని ధార. జేబు దగ్గర మొదలై, ఎడమ భుజం మీదుగా ఎక్కి, గడ్డం కింద ఆగింది. గంజి పెట్టిన ఖద్దరు కాబట్టి మొదట ముత్యాల్లా నిలిచి, ఆ తర్వాత తీరిగ్గా పీల్చుకుంది. అయ్యవారి ఫోటోకు ఒక్క చుక్క అంటలేదు. బతికున్నప్పుడూ ఆయన బట్టల మీద మరక చూసినవారు లేరు. ముఖ్య అతిథిగారి వేళ్లూ శుభ్రంగానే ఉన్నాయి. 1952లో కంపెనీ ఇచ్చిన మాట నిలబెట్టుకుంది.

మౌనం మాత్రం ఇంకా నడుస్తోంది. గడ్డం నుంచి ఒక చుక్క జారి చెప్పు మీద పడింది. ఆ చప్పుడుకో ఏమో నిర్వాహకుడు కళ్లు తెరిచి, నన్ను చూసి, ‘ఓం శాంతి’ అనడం మరిచిపోయి, “అయ్యో” అన్నాడు. మైకులో. సభ మొత్తం అదే ముగింపు మాట అనుకుని కూర్చుంది.

ఇదంతా సహించాను. సహించలేనిది ఆ తర్వాతి మాట. ముఖ్య అతిథిగారు మైకు అందుకుని, “పాత పెన్నులతో ఇదే చిక్కండీ, లీకవుతాయి” అన్నారు. జనం నవ్వారు. లీకా! అంత నిక్కచ్చిగా పనిచేసిన యంత్రం ఆ హాల్లో మరొకటి లేదు. ఫ్యాను తిరగడం లేదు, మైకు కీచుమంటోంది, గడియారం చూడాల్సినవారు చూడలేదు, రావాల్సినవారు వేళకు రాలేదు. తన పని తాను చేసింది ఆ పెన్ను ఒక్కటే. నా ప్రసంగంలో ఈ మాట గట్టిగా చెప్పాలనుకున్నాను. ప్రసంగం రాసుకున్న కాగితం ఆ జేబులోనే ఉంది. ఏం మాట్లాడానో నాకు సరిగా గుర్తులేదు, వినేవారు చొక్కానే చూశారు కనుక వారికీ గుర్తుండదు.

చివర్లో ముఖ్య అతిథిగారు ఆ పెన్నును తిప్పి తిప్పి చూసి, “బాగుందండీ” అన్నారు. అబ్బాయి ఒక్క క్షణం ఆలోచించి, “నాన్నగారైతే ఇచ్చేసేవారు” అని కాగితంలో చుట్టి ఆయన చేతిలో పెట్టేశాడు. ఉత్తరం షరతు సంగతి మొహమాటపడి చెప్పలేదు.

బయట గంగమ్మ జాతర రోజులు. ఆటోలు రావన్నారు, నడిచాను. మామూలు రోజుల్లో అయితే ఈ అవతారంతో వీధిలో తల ఎత్తలేం. కానీ జాతరలో మొహానికి రంగు లేనివాడే వింత మనిషి కదా, ఎవరూ పట్టించుకోలేదు. ఒక అవ్వ మాత్రం ఆపి, నన్ను పైనుంచి కిందికి పరిశీలించింది.

“ఏం వేషం నాయనా ఇది? బైరాగికి నామకొమ్ము, బండ వేషానికి కుంకుమ, తోటికి బొగ్గు, దొరకు చందనం. ఈ నీలం ఎప్పుడు కలిపారు?”

“నిపుణుల వేషం అవ్వా” అన్నాను. అమ్మ చల్లగా చూడాలని చేతిలో వేపాకు పెట్టి పంపింది.

పొద్దున్నే నిర్వాహకుడి ఫోను. చొక్కా గురించి అడుగుతాడనుకున్నాను. ముఖ్య అతిథిగారికి పాత పెన్నులంటే ఆసక్తి కలిగిందట. ఇంకు ఎలా నింపాలో ఎవరైనా తెలిసినవారు వచ్చి చూపించాలట. ఆయన నా పేరు చెప్పాడట. ఆదివారం తొమ్మిదింటికి రమ్మన్నారు. టిఫిను ఉండదట, తినే రమ్మన్నారు.