మురీ మిక్చరుకి 812 మంది భాగస్వాములు

బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న మాట చెవిన పడగానే విశాఖవాసి చేసే మొదటి పని ఫోన్ తియ్యడం. ఒడిశా వైపు పోతుందా, కాకినాడ వైపు దిగుతుందా, మన నెత్తినే కూర్చుంటుందా? మొన్న నేనూ అందుకే ఒక వాతావరణ సైటు తెరిచాను. తుఫాను కనబడలేదు. దాని మీద ఒక పెట్టె కూర్చుని ఉంది. "మీ ప్రైవసీ అంటే మాకెంతో గౌరవం. మేమూ, మా 812 మంది భాగస్వాములూ మీ ఫోన్‌లో సమాచారం దాచుకుంటాం, చదువుకుంటాం." కింద పెద్ద పచ్చ బొత్తాం: అన్నిటికీ ఒప్పుకుంటున్నాను. దాని పక్కన, కళ్లజోడు మార్పించుకుంటే తప్ప కనబడని బూడిదరంగు అక్షరాల్లో: మరిన్ని ఎంపికలు. ఒప్పుకోను అనే బొత్తాం మాత్రం పెట్టలేదు. గౌరవం ఎక్కువై మరిచిపోయినట్టున్నారు.

వాన పడుతుందో లేదో చెప్పడానికి 812 మంది దేనికని మీకూ అనిపించే ఉంటుంది. పెద్దమనుషులు కనక పైకి అనరు. పచ్చ బొత్తాం నొక్కేసి ముందుకెళ్తారు. వాళ్ల వ్యాపారమంతా మీ ఈ పెద్దమనిషి తరహా మీదే నడుస్తోంది.

ఆ పెట్టె మన ఫోన్‌లో దాచుకుంటానన్నదాని పేరే కుకీ. దాని పుట్టుకలో పాపమేమీ లేదు. 1994లో నెట్‌స్కేప్ అనే బ్రౌజర్ కంపెనీలో ఇంజినీరుగా ఉన్న లూ మోంటుల్లీ కనిపెట్టిన చిన్న చీటీ అది. మీరు బుట్టలో వేసిన వస్తువు రెండో పేజీకి వెళ్లేసరికి మాయం కాకుండా, సైటు మిమ్మల్ని గుర్తుపట్టాలని. మీరు వెళ్లిన సైటు ఇచ్చే చీటీతో ఎవరికీ పేచీ లేదు. కానీ మీరెన్నడూ గడప తొక్కని కంపెనీ ఒకటి అదే పేజీలో కంటికానని చుక్కంత బొమ్మ పెట్టి, ఆ సాకుతో తన చీటీ కూడా మీ జేబులో దూర్చి, మీరు వెళ్లే మిగతా సైట్లలోనూ ముందే కాచుకుని కూర్చుని, ప్రతిచోటా దాన్ని తీసి చదువుకుంటుంది. దాన్నే థర్డ్ పార్టీ కుకీ అంటారు.

ఇదే పని ఆర్కే బీచ్‌లో జరిగితే చూడండి. సాయంత్రం, కురుసుర సబ్‌మెరైన్ ఎదురుగా మురీ మిక్చర్ బండి. ఒక పొట్లం కట్టమన్నారు మీరు.

"కడతాను బాబూ. ముందు మీ అనుభవం మెరుగుపరచాలి కదేటి" అని బండివాడు ఉల్లిపాయలు తరగడం ఆపేశాడు. బండి వెనకనుంచి జనం లేచారు. ఒకాయన మీ చెప్పుల సైజు కొలుస్తున్నాడు. ఒకాయన మీరు సిరిపురం మీదుగా వచ్చారా, జగదాంబ మీదుగానా అని రాసుకుంటున్నాడు. ఒకావిడ మీ భుజం మీంచి ఫోన్‌లోకి తొంగిచూస్తోంది.

"వీళ్లెవరయ్యా?"

"మా భాగస్వాములు బాబూ. మీరంటే శానా గౌరవం. ఒప్పుకుంటే తలూపండి సాలు."

"ఒప్పుకోను."

"అలగైతే ఆ సివర కౌంటరు కాడికెల్లి, ఒక్కొక్కరి పేరూ సదివి, ఒక్కొక్కరికీ ఇడిగా వద్దని సెప్పి రండి. ఆకర్న సేవ్ అనడం మరిసిపోకండి. మరిస్తే మల్లీ మొదట్నించీ."

అందరికీ వద్దని చెప్పి, చెమట తుడుచుకుంటూ తిరిగొస్తారు. సగం మంది కదల్లేదు.

"ఆల్లు ఉంటారు బాబూ. ఆల్లకి లెజిటిమేట్ ఇంటరెస్టుంది. అంటే నాయమైన అవసరం."

"నా జేబులోనా? అలాగని ఎవరన్నారు?"

"ఆల్లే అన్నారు."

ఈలోగా బండి చక్రం దగ్గర వేలం పాట మొదలైంది. నలభై దాటిన మగమనిషి, మద్దిలపాలెం, మోకాళ్ల నొప్పులు, ఇంటి అప్పు ఉండొచ్చు. ఒకటోసారి, రెండోసారి. బండివాడు నిమ్మకాయ పిండేలోగా మీరు అమ్ముడైపోయారు. పాటలో ఓడినవాళ్లు కూడా మీ వివరాలు జేబులో వేసుకుని పోయారు. ఈ చివరి ముక్క వెటకారం కాదు. పేజీ తెరుచుకునే ఆ కాస్త వ్యవధిలో నిజంగా ఇదే జరుగుతుంది. మీకు ప్రకటన చూపించే హక్కు కోసం జరిగే ఈ వేలానికి రియల్ టైమ్ బిడ్డింగ్ అని దర్జా అయిన పేరు. పొట్లం ఖాళీ చేసి ఎంవీపీ కాలనీ మలుపు తిరిగేసరికి ఒకడు పరుగున వచ్చి అడుగుతాడు: మురీ మిక్చర్ కావాలా సార్?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి కరెంటునీ సిగ్నళ్లనీ ఊడబెరికిన రోజుల్లో ఈ ఊళ్లో మన వెంట ఎవడూ పడలేదు. విశాఖవాసి ప్రైవసీకి అంత గట్టి రక్షణ అంతకుముందు లేదు, ఆ తరవాతా లేదు.

దాచడానికి నా దగ్గరేముంది, నా మోకాళ్లేగా అనే మహానుభావులుంటారు. వాళ్లకొక మాట. మన ఇళ్లలో ఫోన్ ఒకరి సొత్తు కాదు. కంచరపాలెంలోనో గాజువాకలోనో ఒకావిడ స్నానం చేస్తుండగా రొమ్ములో గడ్డ తగిలింది. మొగుడికి చెప్పలేదు, అక్కకి చెప్పలేదు, పెద్దాసుపత్రి కేజీహెచ్‌కి వెళ్లడానికి ధైర్యం చాల్లేదు. రాత్రి అందరూ పడుకున్నాక, అదేమై ఉంటుందోనని ఫోన్‌లో వెతికింది. పొద్దున్నే క్రికెట్ స్కోరు కోసం కొడుకు అదే ఫోన్ తెరిస్తే క్యాన్సర్ ఆసుపత్రి ప్రకటన. ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేని సంగతి ముక్కూమొహం తెలియనివాళ్లకి ముందే తెలిసింది. దాన్ని పైసల లెక్కన పాట పాడుకున్నారు. ఇదా మీ గౌరవం? ఆవిడ భయాన్ని అమ్ముకున్నారు కదరా! దానికి పచ్చ బొత్తామొకటి తగిలించి, ఆవిడే ఒప్పుకుందని కాగితం కూడా రాసుకున్నారు. దొంగకి కనీసం భయమన్నా ఉంటుంది.

చట్టం లేక కాదు. ప్రైవసీ ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఒకే గొంతుతో చెప్పారు. 2023లో డేటా రక్షణ చట్టం వచ్చింది. ఒప్పుకోవడం ఎంత సులువో ఆ ఒప్పుకోలు వెనక్కి తీసుకోవడమూ అంత సులువుగా ఉండాలని అందులో రాశారు. జరిమానా 250 కోట్ల రూపాయల దాకా. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, అసలు బాధ్యతలకి మాత్రం పద్ధెనిమిది నెలల గడువిచ్చారు. పాపం, ఒప్పుకోను అనే బొత్తాం చెక్కించడానికి వడ్రంగులు దొరకొద్దూ! ఫ్రాన్స్ వాళ్లకి ఇంత దయ లేదు. ఒప్పుకోవడానికి ఒక్క నొక్కు, కాదనడానికి బోలెడు నొక్కులు పెట్టినందుకు 2022 జనవరిలో గూగుల్‌కి 15 కోట్ల యూరోలు, ఫేస్‌బుక్‌కి 6 కోట్ల యూరోలు జరిమానా ప్రకటించారు. థర్డ్ పార్టీ కుకీలని తన క్రోమ్ బ్రౌజర్ నుంచి రెండేళ్లలో తీసేస్తానని 2020లో అన్న గూగుల్, వాయిదాల మీద వాయిదాలేసి 2024 జులైలో ఆ ఆలోచనే మానుకుంది. ఇప్పుడు 15 బిలియన్ డాలర్లతో మన ఊళ్లోనే డేటా సెంటరు కడుతోంది. మంచిదే, ఎప్పుడైనా అడగాలనిపిస్తే సిటీ బస్సులో వెళ్లి అడగొచ్చు.

ఈలోగా ఫైర్‌ఫాక్స్, సఫారీ బ్రౌజర్లు ఈ కుకీలని అడక్కుండానే చాలావరకు అడ్డుకుంటాయి. క్రోమే కావాలంటే దాని సెట్టింగుల్లో థర్డ్ పార్టీ కుకీలు బ్లాక్ చెయ్యండి. ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగుల్లో ప్రైవసీ, యాడ్స్ అని వెళ్తే డిలీట్ అడ్వర్టైజింగ్ ఐడీ అని ఉంటుంది, నొక్కండి. ఇన్‌కాగ్నిటోని నమ్ముకోవద్దు, అది ఆ ఫోన్‌లో చరిత్ర దాచుకోదంతే, అవతలి సైటు చూస్తూనే ఉంటుంది. మీ ఫోన్‌లో అయ్యాక అమ్మ ఫోన్ అడిగి తీసుకుని చెయ్యండి. ఎందుకని అడిగితే స్టోరేజీ నిండిందని చెప్పండి. చేసేటప్పుడు ఆవిడ ఏం వెతికిందో మాత్రం మీరూ చూడకండి.