ఓటమి సంగతి సరే, ఈ కాకి లెక్కలు మాత్రం ఆపండి

అమెరికాలోని మా బఫెలో ఊరి ఐస్ హాకీ జట్టు సేబర్స్ ఓటముల గురించి కొత్తగా చెప్పేదేం లేదు. నా గొడవ మ్యాచ్‌కి ఇంతమంది వచ్చారని ప్రకటించే హాజరు అంకెతో. ముందు ఓటముల సంగతి చూద్దాం. 2010-11 తర్వాత 2024-25 దాకా వరసగా 14 సీజన్లు ప్లేఆఫ్ మొహం చూడలేదు. ఈ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్ చరిత్రలో ఇంత కరువు ఇంకే జట్టుకీ రాలేదు. అంతకుముందు ఫ్లోరిడా, ఎడ్మంటన్ పేరు మీదున్న రికార్డు 10 సీజన్లే. 2022-23లో 91 పాయింట్లు తెచ్చుకుని కూడా ఒక్క పాయింటు తేడాతో బయట ఉండిపోయారు. ఆ ఒక్క పాయింటు ఎక్కువ తెచ్చుకున్న ఫ్లోరిడా ఏకంగా లీగ్ ట్రోఫీ స్టాన్లీ కప్ ఫైనల్ దాకా వెళ్ళింది. 2024-25లో ఓవర్‌టైమ్, షూటౌట్ ఓటములతో కలిపి వరసగా 13 మ్యాచ్‌లు పోగొట్టుకుని, క్రిస్మస్ రాకముందే సీజన్ చేజార్చుకున్నారు.

ఇక్కడ ఉన్నన్నాళ్ళూ ఎదగనివ్వలేదు, బయటికి పోయాక అందరూ కప్పులు ఎత్తుతున్నారు. అసలు కడుపుమంట అక్కడే. రయన్ ఒరైలీని 2018లో సెయింట్ లూయిస్‌కి పంపేశారు. మరుసటి ఏడాదే అతను కప్పు గెలిచి, ప్లేఆఫ్‌లలో అత్యుత్తమ ఆటగాడికిచ్చే కాన్ స్మైత్ ట్రోఫీ అందుకున్నాడు. మెడ సర్జరీ విషయంలో జాక్ ఐకెల్‌తో నెలల తరబడి పేచీ పెట్టుకుని 2021లో వేగస్‌కి ఇచ్చేశారు, 2023లో కప్పు. శామ్ రైన్‌హార్ట్ ఫ్లోరిడాకి వెళ్ళి, 2024 ఫైనల్ ఏడో మ్యాచ్‌లో కప్పు తెచ్చిన గోల్ కొట్టాడు. గోల్‌కీపర్ లీనస్ ఉల్‌మార్క్ బోస్టన్ వెళ్ళి 2023లో ఉత్తమ గోల్‌కీపర్‌కిచ్చే వెజినా ట్రోఫీ గెలిచాడు. ఇంతమందిని వదులుకున్న యాజమాన్యం 2024 డిసెంబరులో మా ఊళ్ళో తాటిచెట్లు లేవు, పన్నులు ఎక్కువ, అందుకే ఆటగాళ్ళు రారని చెప్పుకొచ్చింది. అభిమానులు గాలి నింపిన ప్లాస్టిక్ తాటిచెట్లు పట్టుకుని అరీనాకి వచ్చారంటే తప్పు వాళ్ళది కాదు.

అయినా ఓటమికి ఒక నిజాయితీ ఉంది. స్కోరు 5-2 అంటే 5-2, దాన్ని ఎవరూ 3-2 అని రాయలేరు. హాజరు లెక్కకి ఆ పాటి నిజాయితీ కూడా లేదు.

సేబర్స్ ఆడే అరీనా కీబ్యాంక్ సెంటర్‌లో సీట్లు 19,070. వారం మధ్యలో, పెద్దగా పేరులేని జట్టుతో మ్యాచ్ పడిన రోజు పై అంతస్తు, అంటే 300 లెవెల్ చూడండి. మూలల్లో వరసలకు వరసలు ఖాళీ. మ్యాచ్ అయ్యాక ఎన్‌హెచ్‌ఎల్ సైట్‌లో గేమ్ సమ్మరీ తెరిస్తే పైన తేదీ, అరీనా పేరు పక్కనే హాజరు అంకె ఉంటుంది. అది మీ కళ్ళు చూసినదానికన్నా వేలల్లో ఎక్కువ ఉంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. ఎందుకంటే ఆ అంకె సీట్లో కూర్చున్న మనుషులది కాదు, బయటికి వెళ్ళిన టికెట్లది. శుభలేఖలు ఎన్ని పంచారో లెక్క చెప్పి, అంతమందీ పెళ్ళి భోజనం చేసి వెళ్ళారనడం లాంటిది ఇది. ఇది ఒక్క బఫెలో చేసే పని కాదు, లీగంతా ఇదే పద్ధతి. అందరూ చేస్తున్నారు కాబట్టి ఒప్పయిపోదు.

ప్రతి మ్యాచ్‌కీ నిజానికి మూడు అంకెలు ఉంటాయి. మొదటిది పంచిన టికెట్లు: అమ్మినవి, స్పాన్సర్లకు ఇచ్చినవి, స్కూళ్ళకీ సంస్థలకీ ఉచితంగా పోయినవి అన్నీ కలిపి. రెండోది డబ్బు కట్టిన టికెట్లు. మూడోది గేటు దగ్గర స్కాన్ అయినవి. బయటికి వచ్చేది మొదటిదే. మూడోది తెలియదని ఏ క్లబ్బూ అనడానికి లేదు. టికెట్ ఇప్పుడు ఫోన్లో ఉంటుంది, స్కానర్ కూత పెట్టిన ప్రతిసారీ ఏ గేటు, ఏ సీటు, ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకి అన్నది సిస్టమ్‌లో నమోదవుతుంది. మూడు పీరియడ్ల ఆటలో రెండోది మొదలయ్యే లోపే ఆఫీసులో ఎవరో ఒకరి స్క్రీన్ మీద అసలు లెక్క ఉంటుంది. ఉండి కూడా చెప్పరు.

తేడా ఎక్కడ పుడుతుందో తెలియాలంటే సీజన్ టికెట్ చూడాలి. 41 హోమ్ మ్యాచ్‌ల టికెట్లు ఒకేసారి కొన్న మనిషి, జట్టు మునిగిపోయాక జనవరి మంగళవారం మంచులో బయల్దేరడు. రీసేల్‌లో పెడతాడు. కొనేవాడుండడు, సీటు ఖాళీగా ఉంటుంది, లెక్కలో మాత్రం నిండినట్టే. అదే మనిషి టొరంటో మ్యాచ్ టికెట్ మాత్రం మంచి ధరకి అమ్ముకుని ఆ సీజన్ ఖర్చులో కొంత రాబట్టుకుంటాడు. టొరంటో జట్టు లీఫ్స్ ఊళ్ళో టికెట్ ధరలు ఆకాశంలో ఉంటాయి కాబట్టి వాళ్ళ అభిమానులు సరిహద్దు దాటి బఫెలో వస్తారు. టొరంటో, మిస్సిసాగా, బ్రాంప్టన్ వైపు మన తెలుగువాళ్ళు కూడా నయాగరా చూపించడానికి చుట్టాలని తీసుకొచ్చి, పనిలో పనిగా మ్యాచ్ చూసి వెళ్తుంటారు. ఆ రాత్రి అరీనా నిండుతుంది, కానీ సగం లీఫ్స్ నీలిరంగు జెర్సీలే. ఆ హౌస్‌ఫుల్ కూడా సేబర్స్ సగటులో కలిసిపోతుంది. కోవిడ్ సరిహద్దు ఆంక్షలున్న 2021-22లో ఆంటారియో జనం తగ్గేసరికి సగటు సుమారు 10,000కి పడిపోవడం అందరూ చూశారు. మన ఊరి జనం ఎంత మిగిలారో అప్పుడు బయటపడింది.

నమ్మకపోతే మీరే లెక్కపెట్టండి, పెద్ద విద్యేం కాదు. పీరియడ్ మొదట్లో వద్దు, అప్పుడు జనం బీరు లైన్లలో, బాత్రూముల దగ్గర ఉంటారు. రెండో పీరియడ్ సగంలో టీవీ బ్రేక్ కోసం చూడండి. పీరియడ్‌లో 6, 10, 14 నిమిషాలు దాటాక ఆట ఆగిన మొదటిసారి బ్రేక్ వస్తుంది, పారలతో మంచు గీకేవాళ్ళు రింకులోకి దిగుతారు. అప్పుడు ఎదురుగా కనిపించే నాలుగు సెక్షన్లు ఫోటో తీయండి: కింద సైడ్ ఒకటి, కింద గోల్ వెనక ఒకటి, పైన సైడ్ ఒకటి, పైన మూల ఒకటి. ఇంటికెళ్ళి పెద్దది చేసి వరసలు, వరసకి సీట్లు, ఖాళీలు లెక్కపెట్టండి. ఒక సెక్షన్‌లో 20 వరసలు, వరసకి 16 సీట్లు అనుకుంటే 320. ఖాళీలు 140 ఉంటే నిండింది 56 శాతం. పై లెవెల్‌కీ కింది లెవెల్‌కీ విడివిడిగా సగటు కట్టాలి. రెండూ కలిపేస్తే తప్పుతుంది, ఎందుకంటే ఖాళీలన్నీ పైనే పోగవుతాయి. సూట్లు అనే ప్రత్యేక గదుల్లో, లాంజ్‌లో ఉన్నవాళ్ళు ఫోటోలో పడరు కాబట్టి వాళ్ళ కోసం కొన్ని వందలు కలపండి. టీవీ చూసి మాత్రం అంచనా వేయకండి. మెయిన్ కెమెరాకి ఎప్పుడూ ఎదుటి వైపు కింది సీట్లే కనిపిస్తాయి, పై అంతస్తు దాని కంట్లోనే పడదు.

ఇదంతా అభిమానుల చాదస్తం అనేవాళ్ళు నాష్‌విల్ కథ గుర్తు తెచ్చుకోవాలి. 2007లో ఆ ఊరి జట్టు ప్రెడేటర్స్ ప్రకటించే సగటు బానే ఉండేది. కానీ అరీనా లీజులో డబ్బు కట్టిన టికెట్లు సగటున 14,000కి తగ్గితే జట్టు బయటపడొచ్చన్న షరతు ఉంది. జట్టు కెనడాకి తరలిపోతుందన్న భయం మొదలయ్యాక ఆ షరతే అందరి నోటా నానింది. అభిమానులు ర్యాలీ పెట్టి, టికెట్లు కొని, స్థానిక మదుపరులు ముందుకొస్తే గానీ జట్టు నిలవలేదు. ఏళ్ళ తరబడి పెద్ద అంకె వింటూ కూర్చున్న ఊరికి అసలు అంకె ప్రాణం మీదికొచ్చాక గానీ పట్టలేదు.

ఫ్లోరిడా ఇంకో దారి పట్టింది. కొత్త యాజమాన్యం వచ్చాక ఉచిత టికెట్ల పంపకం బాగా తగ్గించేసింది. 2014 అక్టోబరు 13న ఒటావాతో మ్యాచ్‌కి 7,311 అని ప్రకటించారు. దేశమంతా నవ్వింది. నవ్వితే నవ్వారు, ఎక్కడున్నామో వాళ్ళకి తెలిసింది. పదేళ్ళ తర్వాత అదే జట్టు 2024, 2025లో వరసగా రెండు కప్పులు ఎత్తింది. నిజం చెప్పడం వల్లే గెలిచారని నేననను, నిజం చెప్పడం వల్ల మునిగిపోలేదు కదా అంటున్నాను.

బఫెలోలో అడగడానికి మనకింకో హక్కు కూడా ఉంది. కీబ్యాంక్ సెంటర్ ఈరీ కౌంటీ ఆస్తి. సేబర్స్ యజమానికే చెందిన ఫుట్‌బాల్ జట్టు బిల్స్ కొత్త స్టేడియానికి రాష్ట్రం 60 కోట్ల డాలర్లు, కౌంటీ 25 కోట్ల డాలర్లు ఇచ్చాయి. అరీనా 1996లో కట్టింది, దాని మరమ్మతుల బిల్లు కూడా ఏదో ఒకనాడు జనం ముందుకి వస్తుంది. ఆ రోజు బల్ల మీద పెట్టే హాజరు లెక్క ఏది? పంచిన టికెట్లదా, వచ్చిన మనుషులదా?

కోపంతో మ్యాచ్ మానేసేవాళ్ళకి ఒక మాట. డబ్బు కట్టేసిన టికెట్ ఇంట్లో పెట్టుకుని మానేస్తే క్లబ్బుకి పార్కింగు, బీరు, తిండి మీద వచ్చేది పోతుంది తప్ప హాజరు అంకె ఒక్కటి కూడా తగ్గదు. తగలాల్సిన చోట తగిలేది రెన్యువల్ దగ్గరే. గడువు దగ్గర పడగానే మీ సీజన్ టికెట్ ప్రతినిధి ఫోన్ చేస్తారు. ఆ కుర్రాడి మీద అరవొద్దు, లెక్కలు దాచింది అతను కాదు. పోయిన సీజన్ 41 మ్యాచ్‌లకీ పంచినవెన్ని, అమ్మినవెన్ని, స్కాన్ అయినవెన్ని అన్న మూడు అంకెలూ ఈమెయిల్‌లో పంపమనండి. అవి వచ్చాకే కార్డు నంబరు ఇస్తామనండి.