కడప ఎంపీ సీటు ఎవరి ఆస్తీ కాదు: ఆ ఫార్వర్డ్ మెసేజ్‌కు జవాబు

కొద్ది రోజులుగా ఒకటే మెసేజ్ మా బంధువుల గ్రూపులో, స్కూలు స్నేహితుల గ్రూపులో, ఆఖరికి అపార్ట్‌మెంట్ గ్రూపులో కూడా తిరుగుతోంది. వైఎస్ రాజశేఖరరెడ్డి కుటుంబాన్ని ఉద్దేశించిన ఆ మెసేజ్ సారం ఇది: "స్వాతంత్ర్యం వచ్చినప్పటి నుంచి కడప పార్లమెంటు సీటు ఒకే కుటుంబానిది. అక్కడి జనం మనిషిని చూడరు, ఇంటిపేరు చూసి గుద్దేస్తారు. ఫ్యాక్షన్ భయంతో ఊళ్లకు ఊళ్లు ఒకే గుర్తుకు వేస్తాయి. ఒకే కులం రాజ్యం. అధికారంలో ఉన్నవాళ్లకు ఓటేసే తెలివి ఉంటే ఎప్పుడో బాగుపడేవాళ్లు."

నేను మైదుకూరు దగ్గర పల్లెలో పుట్టినవాణ్ని. ఏ పార్టీ కండువా కప్పుకోలేదు. ఆ మెసేజ్ కింద మా ఊరి పిల్లలే నవ్వు బొమ్మలు పెట్టడం చూసి మనసు చివుక్కుమంది. వాళ్ల అవ్వాతాతలను వాళ్లే మొద్దులంటున్నట్టు అనిపించింది. అందుకే మాట మాటకూ జవాబు చెప్తున్నాను.

"స్వాతంత్ర్యం వచ్చినప్పటి నుంచి" అన్న మాటే తప్పు. 1952లో మొదటి లోక్‌సభ ఎన్నికలు జరిగేనాటికి కడప మద్రాసు రాష్ట్రంలో ఉంది. సీమంతా కరువు. ఊళ్లలో గంజి కేంద్రాలు నడిచిన రోజులవి. ఆ ఎన్నికల్లో కడప ఢిల్లీకి పంపింది కమ్యూనిస్టు పార్టీ మనిషిని, ఎద్దుల ఈశ్వరరెడ్డిని. 1957లో కాంగ్రెస్ తరఫున రామిరెడ్డి గెలిచారు. తర్వాత 1962, 1967, 1971లో వరుసగా మూడుసార్లు మళ్లీ ఈశ్వరరెడ్డే. అంటే మొదటి ఐదు ఎన్నికల్లో నాలుగుసార్లు కడప ఎంపీ సీపీఐ మనిషి. ఇప్పటి కుర్రవాళ్లకు చెప్తే నమ్మరు. మా ఊళ్లో పెద్దవాళ్లకు మాత్రం బాగా తెలుసు, కొడవలి గుర్తు గోడల మీద సున్నంతో రాసిన సంగతి కూడా చెప్తారు.

1977, 1980లలో ఓబుల్‌రెడ్డి కాంగ్రెస్ నుంచి గెలిచారు. 1977లో రాష్ట్రంలోని 42 సీట్లలో 41 కాంగ్రెస్‌కే పోయాయి, ఒక్క నంద్యాల మాత్రం నీలం సంజీవరెడ్డికి దక్కింది. ఆ గాలిలో కడప కూడా ఉంది, అందులో వింతేమీ లేదు.

వింత 1984లో ఉంది. నేను అందరికీ చెప్పాలనుకునేది ఆ ఏడాది గురించే. అప్పటికి వైఎస్ రాజశేఖరరెడ్డి పులివెందుల ఎమ్మెల్యే. 1978లో మొదటిసారి గెలిచారు, 1983లో ఎన్టీఆర్ ప్రభంజనంలోనూ నిలబడ్డారు. పైగా 1984 నాటికి రాష్ట్ర కాంగ్రెస్ అధ్యక్షుడు కూడా ఆయనే. ఇందిరా గాంధీ హత్య జరిగి రెండు నెలలు కూడా కాలేదు, దేశమంతా కాంగ్రెస్ మీద సానుభూతి పొంగింది. అలాంటి ఎన్నికల్లో, సాక్షాత్తూ పీసీసీ అధ్యక్షుడి సొంత పార్లమెంటు సీటులో కడప జనం తెలుగుదేశం అభ్యర్థి డి.ఎన్.రెడ్డిని గెలిపించారు. ఇంటిపేరు చూసి గుద్దేవాళ్లు చేసే పనేనా ఇది?

ఆ కుటుంబం నుంచి తొలి ఎంపీ గెలుపు 1989లో. అప్పటికి 37 ఏళ్లు, ఎనిమిది ఎన్నికలు గడిచిపోయాయి. ఆ ఎనిమిదిలో సీపీఐ నాలుగు, కాంగ్రెస్ మూడు, టీడీపీ ఒకటి.

1989 తర్వాతి లెక్క దాచిపెట్టే ఉద్దేశం నాకు లేదు. 1989, 1991, 1996, 1998లలో రాజశేఖరరెడ్డి. 1999, 2004లలో ఆయన తమ్ముడు వివేకానందరెడ్డి. 2009లోనూ, 2011 ఉప ఎన్నికలోనూ జగన్. 2014, 2019, 2024లలో జగన్‌కు వరసకు తమ్ముడయ్యే అవినాష్‌రెడ్డి. ఉప ఎన్నికతో కలిపి పదకొండు గెలుపులు. 35 ఏళ్లు ఒకే ఇంట్లో ఉన్న మాట నిజం. ఈ నిజాన్ని 1947కు సాగదీసి, దాని మీద "ఆలోచన లేని జనం" అని ముద్ర వేయడమే అన్యాయం.

ఇక "కళ్లు మూసుకుని వేస్తారు" అన్న మాట. కళ్లు మూసుకుని వేసేవాళ్లయితే మెజారిటీ ఎప్పుడూ ఒకేలా ఉండాలి కదా. 1996లో రాజశేఖరరెడ్డి టీడీపీ అభ్యర్థి కందుల రాజమోహన్‌రెడ్డి మీద గెలిచింది ఐదు వేల పైచిలుకు ఓట్లతో. పార్లమెంటు సీటులో ఐదు వేలంటే రెండు మూడు పెద్ద ఊళ్ల ఓట్లు. ఆ రెండు మూడు ఊళ్లు అటు తిరిగి ఉంటే రాష్ట్ర రాజకీయం ఎలా ఉండేదో ఎవరికి వారు ఊహించుకోవచ్చు. 2009లో జగన్ మెజారిటీ లక్షా 78 వేలు. రెండేళ్లకు, కాంగ్రెస్‌ను వదిలి సొంత పార్టీతో నిలబడితే 5,45,672. అప్పుడు ఎదురుగా నిలబడింది చిన్నాచితకా మనుషులు కాదు. కాంగ్రెస్ నుంచి మంత్రిగా ఉన్న డీఎల్ రవీంద్రారెడ్డి, టీడీపీ నుంచి మైసూరారెడ్డి. ఇద్దరికీ డిపాజిట్లు పోయాయి. అవినాష్‌రెడ్డికి 2014లో లక్షా 90 వేలు, 2019లో 3 లక్షల 80 వేలు. 2024లో 62,695.

అదే నియోజకవర్గం, అవే ఊళ్లు. ఐదు వేల నుంచి ఐదు లక్షల దాకా ఎక్కుతూ దిగుతూ ఉన్న ఈ అంకెల వెనక ప్రతిసారీ ఒక లెక్క వేసుకున్న జనం ఉన్నారు. కోపం వచ్చినప్పుడు తగ్గించారు, జాలి కలిగినప్పుడు పెంచారు.

ఇంటిపేరు సంగతి తేలాలంటే ఒకే ఇంటిపేరు ఉన్న ఇద్దరు ఎదురెదురుగా నిలబడాలి. మాకు ఆ పరీక్ష రెండుసార్లు వచ్చింది. 2011లో పులివెందుల అసెంబ్లీ ఉప ఎన్నికలో ఒకవైపు వైఎస్ విజయమ్మ, మరోవైపు కాంగ్రెస్ నుంచి మంత్రిగా ఉన్న వైఎస్ వివేకానందరెడ్డి. వదినా మరుదులు. వివేకానందరెడ్డి 81 వేలకు పైగా ఓట్ల తేడాతో ఓడిపోయారు. రెండోది 2024. రాజశేఖరరెడ్డి సొంత కూతురు షర్మిల కాంగ్రెస్ నుంచి కడప ఎంపీకి నిలబడ్డారు. వచ్చిన ఓట్లు 1,41,039, దక్కింది మూడో స్థానం. టీడీపీ అభ్యర్థి భూపేష్ సుబ్బరామిరెడ్డికి 5,42,448, గెలిచిన అవినాష్‌రెడ్డికి 6,05,143. రెండు, మూడు స్థానాల ఓట్లు కలిపితే 6,83,487. గెలిచిన మనిషికంటే ఎక్కువ. ఊరంతా ఒకే గుర్తుకు గుద్దే చోట ఈ లెక్క రాదు. (వివేకానందరెడ్డి హత్య కేసు కోర్టులో ఉంది కాబట్టి దాని జోలికి నేను పోవడం లేదు. 2024 ప్రచారమంతా దాని చుట్టూ తిరిగిన సంగతి మాత్రం అందరికీ తెలుసు.)

2024 గురించి ఇంకో ముక్క చెప్పాలి, ఎందుకంటే ఇది ఎవరూ పట్టించుకోలేదు. కడప ఎంపీ సీటు కింద ఏడు అసెంబ్లీ సెగ్మెంట్లు: కడప, కమలాపురం, పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, మైదుకూరు, బద్వేలు. 2019లో ఏడూ జగన్ పార్టీ వైసీపీవే. 2024లో పులివెందుల, బద్వేలు తప్ప ఐదూ కూటమికి పోయాయి. జమ్మలమడుగులో బీజేపీ, మిగతా నాలుగు చోట్ల టీడీపీ. ఆ ఐదింటిలో కూటమి మెజారిటీలు కలిపితే లక్ష దాటింది. వైసీపీకి పులివెందుల, బద్వేలు మెజారిటీలు కలిపితే ఎనభై వేలు. అంటే అసెంబ్లీ మిషన్ల లెక్కలో కూటమి ముందుంది. అదే రోజు, అదే గదిలో, పక్కన పెట్టిన ఎంపీ మిషన్‌లో వైసీపీ 62 వేలు ముందుంది. ఈ తేడా ఊరికే రాలేదు. వేలమంది ఒక మిషన్ దగ్గర ఒక గుర్తు, ఇంకో మిషన్ దగ్గర ఇంకో గుర్తు నొక్కితేనే వస్తుంది.

అలా నొక్కినవాళ్లలో ఒకరు మా ఇంట్లోనే ఉన్నారు. మే 13న మధ్యాహ్నం, ఎండ నిప్పులు చెరుగుతుంటే, మా జేజిని ఆటోలో బడికాడికి తీసుకుపోయాను. ఎనభై దాటిన మనిషి, గట్టిగా నాలుగడుగులు నడవలేదు. తిరిగొచ్చి వేపచెట్టు కింద మంచం మీద కూర్చుని, ఇంకు చుక్క ఉన్న వేలును కొంగుతో మాటిమాటికీ తుడుస్తూనే ఉంది.

"ఎవరికేసినావ్ జేజీ?" అన్నాను.

"నీకెందుకురా? తెల్లకాయితం మిషన్‌లో ఒకరికి, ఎర్రకాయితం మిషన్‌లో ఒకరికి ఏసినా. కుయ్యిమనేదాకా ఎత్తలేదు వేలు."

"రెండూ ఒకే పార్టీకి ఏసుండచ్చు గదా?"

"ఢిల్లీ పనికి ఒకరు, మన కాలవ నీళ్ల పనికి ఒకరు. ఇద్దరూ మనోళ్లమనే అంటాండారు గదా, చూద్దాం."

ఎంపీ బ్యాలెట్ తెలుపు, ఎమ్మెల్యేది గులాబీ. కేసీ కెనాల్ కింద రెండెకరాల వరి, కాస్త పసుపు పండించుకునే మనిషి నాలుగు మాటల్లో చెప్పిన ఈ లెక్క ఆ మెసేజ్ రాసినవాళ్లకు అందలేదు.

ఫ్యాక్షన్ భయం అన్నది పూర్తిగా కొట్టిపారేసే మాట కాదు. ఏజెంటును కూర్చోనివ్వని బూత్‌లు, వెళ్లేసరికే "నీ ఓటు పడిపోయింది" అన్న మాటలు మా నాయన తరం చూసింది. ఆ గాయం ఇప్పటికీ ఉంది. బయట ఎవరూ మాట్లాడని సంగతి ఇంకొకటి ఉంది. పేపర్ బ్యాలెట్ రోజుల్లో పలు బూత్‌ల ఓట్లు కలిపి లెక్కించే పద్ధతి ఉండేది, కాబట్టి ఏ ఊరు ఎటు వేసిందో పక్కాగా తెలిసేది కాదు. మిషన్లు వచ్చాక లెక్క బూత్‌లవారీగా బయటికి వస్తోంది. మూడు వందల ఇళ్ల ఊరికి ఒక్కటే బూత్ ఉంటే, ఎటు ఎన్ని పడ్డాయో మర్నాటికల్లా రచ్చబండ దగ్గర చెప్పుకుంటారు. మనిషి ఓటు రహస్యంగానే ఉంది, ఊరి ఓటు మాత్రం రహస్యం కాకుండా పోయింది. భయం గురించి నిజంగా బాధ ఉన్నవాళ్లు మాట్లాడాల్సింది దీని గురించి. ఇంత ఒత్తిడి ఉన్నా ఐదేళ్లలో మెజారిటీ 3 లక్షల 80 వేల నుంచి 62 వేలకు పడిపోయిందంటే, జనం భయపడి కూర్చోలేదని అర్థం.

"ఒకే కులం రాజ్యం" అన్న ముక్కలో సగం నిజం ఉంది, అది ఒప్పుకోకపోతే నా జవాబు నిజాయితీది కాదు. 1952 నుంచి ఇప్పటిదాకా కడప నుంచి లోక్‌సభకు వెళ్లిన ప్రతి ఒక్కరి పేరు చివరా రెడ్డి ఉంది. ఎర్రజెండా పట్టినాయనకూ, పచ్చజెండా పట్టినాయనకూ. 72 ఏళ్లలో ఒక బీసీ, ఒక మైనారిటీ, ఒక దళితుడు కడప ఎంపీ కాలేదు. నాకు ఇది సిగ్గుగా అనిపిస్తుంది. అయితే ఇది ఓటరు చేసిన ఎంపిక కంటే ముందు పార్టీలు చేసిన ఎంపిక. గెలిచే బలమున్న పార్టీ టికెట్ ఇచ్చినచోట మా జనం గెలిపించారు. కడప అసెంబ్లీ సీటులో 1994, 1999లలో టీడీపీ నుంచి ఖలీల్ బాషా, 2004, 2009లలో కాంగ్రెస్ నుంచి అహ్మదుల్లా, 2014, 2019లలో వైసీపీ నుంచి అంజాద్ బాషా. వరుసగా ఆరుసార్లు, మూడు పార్టీల నుంచి ముస్లిం అభ్యర్థులే. ఉగాదినాడు దేవుని కడప వెంకన్న గుడికి ముస్లింలు వచ్చే ఊరది. మైదుకూరులో 2024లో యాదవ అభ్యర్థి గెలిచారు. ఎంపీ టికెట్ అలా ఎందుకు ఇవ్వలేదో ఆ పార్టీలను అడగండి, మా జేజిని కాదు.

చివరి మాట, "అధికారంలో ఉన్నవాళ్లకు ఓటేసి ఉంటే బాగుపడేవాళ్లు." ఈ మాట వింటే నాకు ఉక్కు ఫ్యాక్టరీ గుర్తొస్తుంది. 2007లో జమ్మలమడుగు దగ్గర బ్రహ్మణి స్టీల్స్‌కు శంకుస్థాపన జరిగింది. అప్పుడు కడప ఎంపీ కాంగ్రెస్, రాష్ట్రంలో కాంగ్రెస్, ఢిల్లీలో కాంగ్రెస్, ముఖ్యమంత్రి మా జిల్లా మనిషి. ఇంతకంటే అధికారం వైపు ఎలా ఓటేస్తారు? 2014 విభజన చట్టంలో కడప ఉక్కు ఫ్యాక్టరీ సాధ్యాసాధ్యాలు కేంద్ర ప్రభుత్వ ఉక్కు సంస్థ సెయిల్ పరిశీలించాలని రాశారు. 2018 డిసెంబరులో కంబాలదిన్నె దగ్గర చంద్రబాబు ఇంకో రాయి వేశారు. అప్పుడు ఎంపీ ప్రతిపక్షం మనిషి. 2019 డిసెంబరులో సున్నపురాళ్లపల్లె దగ్గర జగన్ మరో రాయి వేశారు. అప్పుడు ఎంపీ, ముఖ్యమంత్రి ఒకే పార్టీ. 2023 ఫిబ్రవరిలో జిందాల్ కంపెనీతో కలిసి అదే సున్నపురాళ్లపల్లెలో మళ్లీ భూమిపూజ.

అధికారం వైపు ఓటేసినప్పుడు రాయి పడింది, ఎదురు ఓటేసినప్పుడూ రాయి పడింది. ఇది రాస్తున్న రోజుకు ఆ నేల మీద ఒక్క టన్ను ఉక్కు తయారు కాలేదు. మా ఊరి నుంచి ఐటీఐ పాసైన పిల్లలు ఇప్పటికీ రాత్రి బస్సెక్కి బెంగళూరు పోతున్నారు, ఓట్ల రోజున సొంత డబ్బులు పెట్టుకుని టికెట్ కొని తిరిగొస్తున్నారు.