సాంబ్రాణి వేరు, కుందురు వేరు: మోకాళ్ల మందు కొనేముందు

బేగంబజారులో మూలికలమ్మే ఒక పాత దుకాణంలో సాంబ్రాణి కావాలని అడిగితే, గల్లాపెట్టె దగ్గర కూర్చున్న పెద్దాయన "లోబానా, కుందురా?" అని తిరిగి అడిగారు. రెండూ చూపించమన్నాను. మొదటిది బూడిదరంగు గడ్డ, అందులో బాదంపలుకులు పొదిగినట్టు తెల్లని మచ్చలు. రెండోది ఎండి గట్టిపడిన తేనెచుక్కల్లాంటి లేత పసుపు ముక్కలు. ఒక కుందుర్ ముక్క చేతిలో పెట్టి నమిలి చూడమన్నారు. ముందు చేదుగా ఉండి, కాసేపటికి తెల్లబడి, పంటికింద జిగురులా సాగింది. నీళ్లతో నూరితే పాలలా తెల్లగా వస్తుందని, లోబాన్ అలా కలవదని కూడా చెప్పారు. కుందుర్‌లో నీటిలో కరిగే బంక ఉండటమే దీనికి కారణం.

మోకాళ్ల నొప్పులకు "సాంబ్రాణి మాత్రలు" అడిగేవారు ఈ నగరంలో నానాటికీ పెరుగుతున్నారు కాబట్టి ఈ తేడా తెలియడం అవసరం. మనం నిప్పుల మీద వేసే సాంబ్రాణి చాలావరకు లోబానే. అది సుమత్రా, లావోస్ వంటి చోట్ల పెరిగే స్టైరాక్స్ చెట్ల జిగురు. అరబ్బు వర్తకులు దాన్ని "లుబాన్ జావీ", అంటే జావా కుందురు, అని పిలిచారు. ఆ మాటే యూరప్ చేరి బెంజోయిన్ అయింది. పేర్ల గందరగోళం అంత పాతది. అసలు కుందురు బోస్వెల్లియా జాతి చెట్లది. ఒమన్, యెమెన్, సోమాలియా ఎడారి అంచుల్లో ఒక రకం, మన పొడి అడవుల్లో అందుగ చెట్టు. ఆయుర్వేదం శల్లకి అన్నది ఈ అందుగనే. మన పాత దుకాణాల్లో పరంగి సాంబ్రాణి అన్నా కుందురే ఇస్తారు. గుగ్గిలం, గుగ్గులు మళ్లీ వేరే చెట్లవి.

ఆయుర్వేదం శల్లకిని కీళ్ల వాపులకు వాడింది. చార్మినార్ పక్కనే నిజామియా ఆసుపత్రి ఉన్న ఈ ఊళ్లో యునానీ హకీములకు కుందుర్ కొత్త కాదు. దగ్గుకు, మతిమరుపుకు వాడే మందుల్లో అది తరచూ కనిపిస్తుంది. ఆధునిక పరిశోధకుల దృష్టి మాత్రం ముఖ్యంగా వాపు మీదే నిలిచింది. ఈ జిగురులోని బోస్వెల్లిక్ ఆమ్లాల్లో, పొడవాటి రసాయన నామాన్ని కుదించి ఏకేబీఏ అని పిలిచే ఒకటి, వాపును రేపే ల్యూకోట్రయీన్లను శరీరంలో తయారుచేసే 5-లైపాక్సిజినేజ్ అనే ఎంజైమును అడ్డుకుంటుందని జర్మనీ శాస్త్రవేత్తలు 1990ల తొలినాళ్లలో చూపించారు. లోబాన్‌లో ఈ ఆమ్లాలు ఉండవు.

మనుషుల మీద పరీక్షల్లో తెలుగు నేలకు కూడా వాటా ఉంది. ఏకేబీఏను 30 శాతానికి పెంచి విజయవాడలో తయారుచేసిన సారాన్ని, మోకాళ్ల అరుగుదల ఉన్న 75 మందిలో 90 రోజులపాటు, రోజుకు 100 లేదా 250 మిల్లీగ్రాముల చొప్పున, ఉత్తుత్తి మాత్రతో పోల్చి పరీక్షించారు. 2008లో వెలువడిన ఫలితాల్లో నొప్పి, కదలిక రెండూ మెరుగుపడ్డాయి. వైద్య పరీక్షల ఫలితాలను కలిపి తూచే కాక్రేన్ సంస్థ 2014 నాటి సమీక్ష ఇలాంటి సారాల వల్ల నూరు పాయింట్ల కొలతలో నొప్పి సుమారు 17 పాయింట్లు తగ్గిందని లెక్కగట్టింది. చిన్న పరీక్షలే అయినా, మెట్లెక్కలేని మనిషికి అది తక్కువ ఊరట కాదు.

అన్ని రోగాలకూ ఇదే మాట చెల్లదు. క్రోన్స్ అనే పేగువ్యాధి తిరగబెట్టకుండా ఆపడంలో ఇది ఉత్తుత్తి మాత్రను మించలేదని 2011లో తేలింది. అదే ఏడాది, మెదడు కణితులకు రేడియేషన్ తీసుకుంటున్న 44 మందిలో మెదడువాపును తగ్గించినట్టు మరో పరీక్ష చూపింది. వాపు తగ్గడం, క్యాన్సరు తగ్గడం ఒకటి కాదు. వాట్సాప్ సందేశాలు ఈ రెంటినీ కలిపేయడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. ఆ మాట నమ్మి ఎవరైనా చికిత్స మానుకుంటే జరిగే నష్టాన్ని ఎవరూ పూడ్చలేరు.

పొగ సంగతి కూడా చెప్పాలి. తలంటు పోశాక పసిబిడ్డకు, బాలింతకు పొగ వేయడం మన ఇళ్లలో ప్రేమతో చేసే పని. మా అమ్మ బుట్ట బోర్లించి, కింద నిప్పుల్లో చిటికెడు వేసి, దాని మీద మనవరాలి జుట్టు ఆరబెట్టేది. ఆ వాసన నాకూ ఇష్టమే. కానీ పరీక్షల్లో పనిచేసింది కడుపులోకి తీసుకున్న సారం; మూసిన గదిలో బొగ్గుల పొగ పసి ఊపిరితిత్తులకు హాని. ఇప్పుడు వాడే కప్పు సాంబ్రాణిలో జిగురుకన్నా బొగ్గుపొడి, సువాసన ద్రవ్యాలే ఎక్కువగా ఉంటున్నాయి.

చెట్టు పరిస్థితి కూడా బాగాలేదు. ఇథియోపియా ప్రాంతంలోని కుందురు అడవుల్లో దశాబ్దాలుగా కొత్త మొక్కలు ఎదగడం లేదని, ఇరవై ఏళ్లలో దిగుబడి సగానికి పడిపోవచ్చని 2019లో ఒక అధ్యయనం హెచ్చరించింది. జిగురు కోసం అతిగా గాట్లు పెట్టడం, పశువుల మేత, కార్చిచ్చు కారణాలు. ప్రధానంగా శేషాచలం కొండల్లో పెరిగే కొండ సాంబ్రాణి చెట్టు (ఇదీ బోస్వెల్లియా జాతిదే) విషయంలో మనం ముందే మేలుకోవాలి.

మొన్న మా పెద్దమ్మ తాను వాడుతున్న సీసా తెచ్చి చూపించింది. దాని మీద "శల్లకి సారం" అని, మొత్తం బోస్వెల్లిక్ ఆమ్లాలు ఇంత శాతమని ఉంది. ఏకేబీఏ ఎంతో లేదు. మామూలు జిగురులో అది కొద్ది శాతమే కాబట్టి, ఆ అంకె లేకుండా పరీక్షల్లో నెగ్గిన మందూ ఈ మాత్రా ఒకటేనని ఎవరూ చెప్పలేరు. చెట్టు శాస్త్రీయ నామంతోపాటు ఆ అంకెను కూడా సీసా మీద తప్పనిసరి చేయాలి. ఈ సారం కొవ్వుతో కలిస్తేనే ఒంట్లోకి బాగా ఇంకుతుంది కాబట్టి నెయ్యి వేసుకుని అన్నం తిన్నాక మాత్ర వేసుకోమన్నాను. కానీ ఆవిడ గుండె కోసం రక్తం పలచబడే మాత్రలు వాడుతోంది. రెండూ కలిస్తే రక్తస్రావం ముప్పు ఉండవచ్చు కాబట్టి, ముందు ఈ మాత్రలు ఆపి, ఆ సీసా డాక్టరుకు చూపించి, ఆయన సరేనన్నాకే మళ్లీ మొదలుపెట్టమని చెప్పాను. బుధవారం తీసుకెళ్తున్నాను.