మహారాజశ్రీ మూడక్షరాల ఫిల్టర్ రూల్ గారికి

చిక్కడపల్లి, హైదరాబాద్.

అయ్యా,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామంటే చెయ్యి రావడం లేదు. మీరు క్షేమమే, మా బ్రౌజర్‌లో బొమ్మలే క్షేమంగా లేవు.

నాలుగు నెలల క్రితం ప్రకటనల బాధ పడలేక, యాడ్ బ్లాకర్‌లో సొంత రూల్స్ రాసుకునే చోటు తెరిచి మిమ్మల్ని పుట్టించాను. ఏళ్ల తరబడి సరిదిద్దుకుంటూ వస్తున్న రెడీమేడ్ రూల్స్ జాబితా ఈజీలిస్ట్ ఉండనే ఉంది. కానీ మనకు సొంత తెలివి ఎక్కువ కదా! ఏ, డి, ఎస్. అంతే రాశాను. ముందూ వెనకా ఏ గుర్తూ లేదు.

మీరేమో వెబ్ అడ్రస్‌లో ఆ మూడూ వరసగా ఎక్కడ కనబడితే అక్కడ పట్టుకున్నారు. అప్‌లోడ్స్, డౌన్‌లోడ్స్, రోడ్స్... ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో అన్నిటి తోకా అదేనాయె. 'పేట'వాణ్ణి రానివ్వకు అంటే అమీర్‌పేట, బేగంపేట, మలక్‌పేట మొత్తాన్నీ గేటు బయట నిలబెట్టే వాచ్‌మన్ మీరు.

మా తమ్ముడి కొడుకు ఇక్కడి సెంట్రల్ లైబ్రరీలో కూర్చుని గ్రూప్స్‌కి చదువుతున్నాడు. మొన్న అప్లికేషన్‌కి ఆఖరి రోజు, రాత్రి పదకొండు.

"పెదనాన్నా, ఫొటో ఎక్కట్లేదు!"

వాడు ఫొటో సైజు తగ్గించాడు. చొక్కా మార్చి మళ్లీ దిగాడు. నేను వాళ్ల సర్వర్‌ని తిట్టాను. ఫొటోలు వెళ్లే ఫోల్డర్ పేరు అప్‌లోడ్స్ అనీ, దాని తోక మీ చేతిలో ఉందనీ పన్నెండుకి పావుగంట ఉండగా తెలిసింది. కంగారులో మీ వెనక ఒక అడ్డగీత (స్లాష్) పెట్టాను. ఫోల్డర్ పేరు తర్వాత ఉండేదీ అడ్డగీతే కాబట్టి మళ్లీ పట్టుకున్నారు. ముందు కూడా ఇంకోటి పెట్టి, చివర ఒక నక్షత్రం గుర్తు తగిలిస్తే గానీ వదల్లేదు.

ఒక ప్రకటన సర్వర్‌ని ఆపాలంటే దాని పేరు పూర్తిగా రాయాలి. ముందు రెండు నిలువు గీతలు, చివర టోపీ గుర్తు. పేరు ఎక్కడ మొదలవుతుందో గీతలు చెబుతాయి, దాని సబ్‌డొమైన్లూ (అదే పేరుకి ముందు ఇంకో ముక్క, చుక్క తగిలించుకున్నవి) అందులోకే వస్తాయి. ఎక్కడ అయిపోతుందో టోపీ చెబుతుంది. (టోపీ పెట్టడం మంచి పనైన చోటు ఇదొక్కటే.) అది లేకపోతే డాట్ కో అని రాసిన రూల్ డాట్ కామ్‌ని కూడా మింగేస్తుంది.

మీ తమ్ముడొకడున్నాడు, చివర 'డొమైన్ ఈక్వల్స్' తగిలించుకున్నవాడు. ఆపాల్సిన ట్రాకర్ (మనం ఏం చూస్తున్నామో నిఘా వేసేది) పేరు అక్కడ రాశాను. ఒక్కదాన్నీ ఆపలేదు. అక్కడ చూసేది వచ్చినవాడెవడని కాదట, ఏ ఫ్లాట్‌కి, అంటే మనం తెరిచిన ఏ సైట్‌కి, వచ్చాడని! దొంగ పేరు ఫ్లాట్ నంబర్ గడిలో రాసింది నేనే, ఒప్పుకుంటున్నాను.

ఇంత కాపలాలోనూ ఒక ట్రాకర్ ఇల్లరికం వచ్చి దర్జాగా కూర్చుంది. సైట్ తన సబ్‌డొమైన్ ఒకటి ఇచ్చి, డీఎన్ఎస్‌లో (ఇంటర్నెట్ పేర్ల చిరునామా పుస్తకంలో) సీనేమ్ రికార్డుతో, అంటే 'ఈ పేరుకి అసలు పేరు ఫలానా' అనే ఎంట్రీతో, ఆ ట్రాకర్ వైపు తిప్పింది. ఇంటిపేరు చూసి మీరు సలాం కొట్టారు. ఫైర్‌ఫాక్స్‌లో యూబ్లాక్ ఆరిజిన్ అనే యాడ్ బ్లాకర్ 2020 నుంచే ఇలాంటి అల్లుళ్ల అసలు ఊరు ఆరా తీస్తోంది. మీకు తీరికెక్కడిది, డౌన్‌లోడ్స్‌ని పట్టుకోవాలాయె.

మిమ్మల్ని తీసేయబుద్ధి కాలేదు. మీ ముందు ఒక ఆశ్చర్యార్థకం పెట్టాను. దానితో మొదలయ్యే లైన్‌ని బ్లాకర్ పట్టించుకోదు. పేరు రిజిస్టర్‌లో ఉంటుంది, డ్యూటీ ఉండదు.

మావాడి ఫొటో ఎక్కింది. గుండీలు మాత్రం ఒకటి తప్పించి పెట్టుకున్నాడు.

ఇట్లు,
మీ జన్మదాత