పెద్దల సత్కారం రోజున ఈ ఫారాలెందుకు?

ఈసారి మన తెలుగు సంఘం ఉగాది సంబరాల్లో పంచాంగ శ్రవణం అయ్యాక, ఎప్పటిలాగే ఇండియాలోని మన ఊళ్ల నుంచి ఇక్కడికి వచ్చిన అమ్మానాన్నలను వేదిక మీద కూర్చోబెట్టి శాలువాలు కప్పాం. వాళ్లింకా కుర్చీల్లోంచి లేవకముందే స్పాన్సరు తరఫున ఒక బీమా ఏజెంటు మైకు అందుకున్నాడు. ‘పిల్లల మీద ఆధారపడకుండా జీవితాంతం నెలనెలా ఆదాయం’ అంటూ అరగంట చెప్పాడు. ఆ తర్వాత ఫారాలు పంచారు. పేరు, వయసు, ఇండియాలో ఫోను నంబరు, ఏ బ్యాంకులో ఖాతా ఉంది అని గడులు. నింపి ఇస్తే లక్కీ డ్రాలో వెండి కుంకుమ భరిణె. కావలి నుంచి వచ్చిన ఒక పెద్దావిడ కళ్లజోడు మర్చిపోయిందని మన వాలంటీరు పిల్లే పక్కన కూర్చుని నింపిపెట్టింది. పాపం ఆ పిల్ల సాయం చేస్తున్నాననే అనుకుంది.

కమిటీలో కొందరిని అడిగాను. ‘స్పాన్సర్లు లేకపోతే హాలు అద్దె ఎవరు కడతారు? ఆయన లైసెన్సు ఉన్న ఏజెంటే కదా’ అన్నారు. హాలు అద్దె సంగతి నిజం. లైసెన్సూ నిజమే. బీమా అమ్మడం తప్పు పని కాదు. ఇంటి పెద్ద పోయాక టర్మ్ పాలసీ డబ్బుతో పిల్లల చదువు నిలబడిన ఇళ్లు మనలోనే ఉన్నాయి. అయినా నాకు మనసు ఒప్పలేదు. ఎందుకో చెప్పాలంటే మా బాబాయి సంగతి చెప్పాలి.

మాది టంగుటూరు దగ్గర పల్లె. బాబాయికి రెండు పొగాకు బ్యారన్లు, అంటే ఆకు కాల్చి ఆరబెట్టే కొట్లు, ఉండేవి. నారు పోసింది మొదలు బేళ్లు కట్టి వేలానికి తోలేదాకా ఆ ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. వేలం డబ్బు ఇప్పుడు చేతికి రాదు, నేరుగా ఖాతాలో పడుతుంది. రైతుకు అది మంచిదే. కానీ ఏ ఇంట్లో ఎప్పుడు ఎంత డబ్బు పడిందో బ్యాంకు కౌంటరు వెనక కూర్చున్న మనిషికి ఇంట్లోవాళ్ల కంటే ముందే తెలుస్తుంది. 2023లో వేలం ముగిశాక, ‘వయసు అరవై ఎనిమిది, ఇంక చాలు’ అనుకుని బాబాయి ఒక బ్యారన్ కూడా అమ్మేశాడు. ఆ డబ్బూ అదే ఖాతాలో పడింది. వారం తిరక్కుండా బ్యాంకు నుంచి ఒక కుర్రాడు ఇంటికి వచ్చాడు. మజ్జిగ తాగాడు, పిన్ని మోకాళ్ల నొప్పి అడిగి తెలుసుకున్నాడు. ‘ఎఫ్‌డీ కంటే ఎక్కువ వస్తది పెదనాన్నా, ఒక్కసారి కట్టి వదిలేయడమే’ అన్నాడు. 4 లక్షలు. బాబాయి వయసుకు ఆ ప్లాను రాదు కాబట్టి బీమా పిన్ని పేరు మీద, కట్టేవాడిగా బాబాయి. ట్యాబ్‌లో వేలితో సంతకాలు. ఫోనుకు వచ్చిన ఓటీపీ కూడా ఆ కుర్రాడే చూసి కొట్టుకున్నాడు. తర్వాత కంపెనీ నుంచి నిర్ధారణ కాల్ వస్తే పక్కనే నిలబడి, ‘అన్నిటికీ అవునను పెదనాన్నా, లేకపోతే క్యాన్సిల్ అయిపోద్ది’ అన్నాడు.

మరుసటి ఏడాది వేసవిలో రెండో 4 లక్షలు కట్టమని ఫోను వచ్చేదాకా అది ఏటా కట్టాల్సిందని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. పదేళ్లు. 40 లక్షలు.

ఆ రోజుల్లోనే నేను ఊరికి వెళ్లాను. పిన్ని బీరువాలో పట్టుచీర కింద నుంచి పాలసీ బాండు తీసి ఇచ్చింది. నలభై పేజీల దాకా ఉంది, అంతా ఇంగ్లిషే. చివర్లో దరఖాస్తు నకలు. వృత్తి: వ్యాపారం. వార్షిక ఆదాయం: 15 లక్షలు. మొబైల్ నంబరు బాబాయిది కాదు. ఈమెయిల్ ఎవరిదో, ఆయన జన్మలో వినని పేరు. గుర్తుచేసే మెసేజ్‌లన్నీ ఎక్కడికి పోయాయో అప్పుడు అర్థమైంది. ‘నువ్వు వ్యాపారం ఎప్పుడు చేశావు?’ అని పిన్ని అడిగితే బాబాయి తల ఎత్తలేదు.

ఒక్కసారి కట్టేదాన్ని ఏటా కట్టేదిగా ఎందుకు మారుస్తారంటే కారణం కమిషన్. 2023కి ముందు నిబంధనల్లో, ఒకేసారి కట్టే పొదుపు పాలసీకి కమిషన్ 2 శాతం. ఏళ్ల తరబడి కట్టే పాలసీకి మొదటి ఏడాదే 35 శాతం దాకా ఉండేది. ఇప్పుడు ఆ లెక్క మార్చి కంపెనీ మొత్తం ఖర్చు మీద పరిమితి పెట్టారు గానీ, అమ్మేవాడి టార్గెట్లు మారలేదు. కట్టలేక ఆపేస్తే నష్టం కొన్నవాళ్లదే. అప్పటి నిబంధనల ప్రకారం రెండేళ్లు కట్టకపోతే సరెండర్ విలువే, అంటే మధ్యలో ఆపితే వెనక్కిచ్చే డబ్బే, లేదు. రెండేళ్లు కట్టినా ఖాయంగా చేతికొచ్చేది కట్టినదాంట్లో 30 శాతం. 2024 అక్టోబరు నుంచి అమ్మే పాలసీలకు, మొదటి ఏడాది ప్రీమియం పూర్తిగా కట్టి ఏడాది గడిస్తే ఎంతో కొంత వెనక్కి రావాలని మార్చారు. బాబాయి పాలసీ అంతకుముందుది.

అదే 4 లక్షలు, అదే బ్యాంకులో, సీనియర్ సిటిజన్ల పొదుపు పథకంలో వేసి ఉంటే 8.2 శాతం లెక్కన మూడు నెలలకోసారి 8,200 ఖాతాలో పడేవి. అరవై దాటినవాళ్లు 30 లక్షల దాకా వేసుకోవచ్చు. ఆ కుర్రాడు ఆ మాటే ఎత్తలేదు.

కంపెనీకి రాశాం. ‘ఫ్రీలుక్ గడువు దాటింది, నిర్ధారణ కాల్‌లో అవునన్నారు’ అని జవాబు. ఫ్రీలుక్ అంటే పాలసీ నచ్చకపోతే తిప్పి ఇచ్చేయడానికి ఉండే గడువు. అక్కడితో వదిలేస్తారని వాళ్ల ధీమా. మేం హైదరాబాదులోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు, అంటే బీమా ఫిర్యాదులు విని తేల్చే అధికారికి, ఫిర్యాదు పెట్టాం. రెండు తెలుగు రాష్ట్రాలకూ ఆ ఆఫీసే. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. విచారణ వీడియోలోనే జరిగింది. దొంగ నంబరు, దొంగ ఆదాయం రెండూ కాగితం మీదే ఉన్నాయి. చివరికి దాన్ని సింగిల్ ప్రీమియం పాలసీగా మార్చారు. ఇక కట్టక్కర్లేదు, కానీ ఆ 4 లక్షలు గడువు తీరేదాకా కదలవు. బాబాయి మాత్రం, ‘ఆ పిల్లోడి ఉద్యోగం పోదు గదా అబ్బాయ్’ అని అడిగాడు.

ఆ మాటకు నాకు కోపం రావాలి. రాలేదు. గడప దాటి వచ్చినవాడికి మజ్జిగ ఇవ్వడం, పెదనాన్నా అని పిలిస్తే వాడిని ఇంటి పిల్లాడిలా చూడటం, బ్యాంకంటే గవర్నమెంటు అని నమ్మడం మన పెద్దవాళ్ల తప్పులని ఇక్కడ డిన్నర్లలో మనం తేలిగ్గా అనేస్తుంటాం. ఆ మొహమాటం మీదే బతికిన ఊళ్లు మనవి. పొగాకు ధర పడిపోయిన ఏడు కాగితం లేకుండా అప్పులిచ్చుకుని ఒకరినొకరు నిలబెట్టుకున్నారు. ఆ గుణాన్ని తప్పుపట్టడం కాదు, దాన్ని వాడుకునేవాళ్లను తప్పుపట్టాలి. మన పెద్దవాళ్లలో నేను తప్పుపట్టేది ఒక్కటే, ‘దూరాన ఉన్న పిల్లలకు టెన్షన్ ఎందుకు’ అని మోసాన్ని దాచుకోవడం. ఆ మౌనంలోనే ఫిర్యాదు గడువులు దాటిపోతున్నాయి.

ఇప్పుడు ఫ్రీలుక్ గడువు 30 రోజులు. అప్పట్లో బాబాయికి ఉన్నది 15 రోజులే. బాండు చేతికి అందిన రోజు నుంచి లెక్క. ఈ ఆదివారం ఇంటికి ఫోను చేసినప్పుడు బీరువాలో ఉన్న బాండ్లన్నీ వీడియోలో చూపించమనండి. ప్రీమియం ఎన్నేళ్లు కట్టాలి, దరఖాస్తులో ఫోను నంబరు ఎవరిది, ఈ రెండూ ముందు చూడండి. తేడా ఉంటే ముందు కంపెనీకే రాయాలి. నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు, దానికి ఏడాది గడువుంటుంది. నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ వాళ్ల 155255కి తెలుగులో కూడా చెప్పుకోవచ్చు. ‘ఐఆర్‌డీఏఐ నుంచి మాట్లాడుతున్నాం, మీ పాత పాలసీకి బోనస్ వచ్చింది’ అని ఎవరైనా ఫోను చేస్తే పెట్టేయమనండి. ఆ సంస్థ పాలసీలు అమ్మదు, బోనస్‌లు పంచదు.

ఇక మన సంఘానికి నా విన్నపం. ఉగాది రోజు నింపిన ఫారాలను స్పాన్సరు దగ్గర నుంచి వెనక్కి తెప్పించండి. ఇప్పటికే కావలికీ ఒంగోలుకూ ఫోన్లు వెళ్తున్నాయని ఇద్దరు ముగ్గురు నాతో చెప్పారు. పెద్దల సత్కారం ఉన్న పూట ఏ బీమా ఏజెంటుకూ మైకు ఇవ్వకూడదని, మన వేదిక దగ్గర ఎవరి ఫోను నంబర్లూ సేకరించకూడదని వచ్చే కార్యవర్గ సమావేశంలో తీర్మానం పెట్టండి. ఆ స్పాన్సరు తప్పుకుంటే హాలు అద్దెకు తగ్గే మొత్తంలో మా ఇంటి వాటా నేను ఇస్తాను. ఇంకో పది ఇళ్లు ముందుకొస్తే సరిపోతుంది. దసరా వేడుకల్లో ఆ అరగంట మాకిస్తే, బాండ్లు చదివి చెప్పడానికి, ఫిర్యాదులు రాసిపెట్టడానికి నేనూ, మన సంఘంలోనే ఉన్న ఇద్దరు రిటైర్డు బ్యాంకు ఉద్యోగులూ ఒక బల్ల వేసుకుని కూర్చుంటాం.