కరెంటు పోయింది అంటే తప్పా?

మొన్న డిసెంబరులో అమెరికా నుంచి మన సంఘం వాళ్లం ఊళ్లకు పోయి చేసిన సేవా కార్యక్రమాల్లో, నల్లగొండ జిల్లా దేవరకొండ వైపు బడిలో జరిగిన సంగతి మీలో చాలామందికి తెలుసు. మన గ్రూపులో వీడియో వచ్చింది. దాని కింద నవ్వుల బొమ్మలు వరసగా పడ్డాయి. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. మా నాయిన ముందు వరసలో కూర్చుని ఉన్నాడు. అప్పటి నుంచి ఈ మాట ముల్లులా గుచ్చుతూనే ఉంది, అందుకే రాస్తున్నాను.

కంటి పరీక్షలు, సైకిళ్ల పంపిణీ అయిపోయాక స్పోకెన్ ఇంగ్లీషు క్లాసు మొదలైంది. మన వాలంటీరు ఒకాయన గోడ మీద స్లైడు వేశారు. 'మనం చేసే ఇంగ్లీషు తప్పులు' అని పేరు. అందులో మొట్టమొదటి మాట కరెంట్. తొమ్మిదో తరగతి అమ్మాయిని లేపి దాని అర్థం అడిగారు. పిల్ల చేతులు కట్టుకుని, "కరెంట్ అంటే కరెంటే సార్. మోటర్ నడిచేది" అంది. ఇంగ్లీషులో వాక్యం చెప్పమంటే కాసేపు ఆలోచించి, "కరెంట్ గాన్. నైట్ కమ్" అంది. మనవాళ్లు గొల్లుమన్నారు. "అమెరికాలో ఇట్లా అంటే ఎవరికీ అర్థం కాదమ్మా, కరెంట్ అంటే ప్రస్తుతం, పోయేది పవర్" అని ఆయన సర్దిచెప్పారు. పిల్ల కూర్చుంది. ఇక ఆ గంటలో మళ్లీ నోరు విప్పలేదు. బిస్కెట్ ప్యాకెట్ చేతిలో పెడుతుంటే కూడా తలెత్తలేదు.

ఆయన మీద నాకు కోపం లేదు. సెలవు పెట్టుకుని, సొంత ఖర్చుతో అంతదూరం వచ్చిన మనిషి. కానీ ఆ నవ్వు విని మా నాయిన నా వైపు తిరిగి, "గా పిల్ల ఏం తప్పు చెప్పింది బిడ్డా?" అని అడిగాడు. నాకు వెంటనే జవాబు దొరకలేదు.

నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు మాకు వారం పగలు, వారం రాత్రి కరెంటు. మా ఊరికి సాగర్ కాలువ రాదు. ఎడమ కాలువ నీళ్లు మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు పోతాయి. మేం ఎత్తులో ఉన్నవాళ్లం, బోరే దిక్కు. నాలుగు మళ్ల వరి, ఒక ఐదు హెచ్‌పీ మోటరు. రాత్రి వారం వస్తే అన్నం తిన్నాక నాయిన గోనెసంచి భుజాన వేసుకుని, బ్యాటరీ లైటు నా చేతికిచ్చి బాయికాడికి బయలుదేరేవాడు. అన్న హాస్టల్లో ఉన్నాడు కాబట్టి తోడు పోయేది నేనే. ముందు నేను లైటు కొట్టాలి, వెనక నాయిన కట్టెతో నేల మీద తాటిస్తూ రావాలి, పాములు పక్కకు జరగడానికి.

మోటరు కాడ చిన్న కొట్టం. వాసానికి ఒక జీరో బల్బు కట్టి ఉండేది. దాని వెలుతురుతో పనేమీ లేదు, కరెంటు వచ్చింది లేనిది తెలియడానికే కట్టింది. గోనెసంచి మీద పడుకుని నేను ఆ బల్బునే చూస్తూ నిద్రపోయేదాన్ని. రాత్రి ఒంటిగంటకో రెండింటికో కళ్లల్లో ఎర్రగా పడేది. "నాయినా, కరెంటొచ్చింది!" అని అరిచేదాన్ని. ఆ ఒక్క మాటకు చుట్టుపక్కల నాలుగైదు బాయిల కాడ మనుషులు లేచేవాళ్లు. చీకట్లో ఒక్కొక్క మోటరు అందుకుంటున్న చప్పుడు వినిపించేది.

నాయిన మాత్రం గబుక్కున బటన్ నొక్కేవాడు కాదు. స్టార్టర్ డబ్బా మీద రెండు గుండ్రటి మీటర్లు ఉండేవి, ఒకటి వోల్టులది, ఒకటి కరెంటు కొలిచే ఆంప్సుది. లైటు దగ్గరికి పట్టమని ముందు వోల్టులు చూసేవాడు. సరిపోతేనే పచ్చ బటన్. ఎన్నో ఏళ్లు వేలు పడీ పడీ ఆ బటన్ మీద రంగు పోయి మధ్యలో గుంట పడింది. నొక్కగానే ఆంప్సు ముల్లు ఒక్కసారి కొసకు ఎగిరి, మెల్లగా దిగి ఏడుకూ ఎనిమిదికీ మధ్య నిలబడేది. అప్పుడు నాయిన ఊపిరి పీల్చుకునేవాడు. పైపులోంచి ముందు గాలి, తర్వాత ఎర్రటి బురద నీళ్లు, ఆ తర్వాత తేట నీళ్లు. నాయిన పార భుజానేసుకుని మడి వైపు నడిచేవాడు.

ఒక రాత్రి ముల్లు పది దాటింది. నాయిన ఉరికొచ్చి ఎర్ర బటన్ నొక్కాడు. ఎందుకు బందు చేశావని అడిగితే, "వోల్టేజీ తక్కువొస్తుంది బిడ్డా. వోల్టేజీ పడితే మోటరు కరెంటు ఎక్కువ గుంజుతది. వైండింగ్ కాల్తది" అన్నాడు. నాలుగో తరగతితో బడి మానేసిన మనిషి ఆయన. తర్వాత నేను ఇంజనీరింగ్‌లో మా బోరు మోటరు లాంటి ఇండక్షన్ మోటరు పాఠం చదివినప్పుడు ఆ మాటే పుస్తకంలో కనిపించింది. వోల్టేజీ తగ్గినా పైకి లాగాల్సిన నీళ్లు అన్నే కాబట్టి మోటరు ఎక్కువ కరెంటు తీసుకుంటుంది, వేడెక్కి కాలిపోతుంది. కరెంట్ అనే మాటను నాయిన దాని అసలు అర్థంలోనే, ఆంపియర్లలో కొలిచే దాని పేరుగానే వాడాడు.

స్లైడులో 'ఒప్పు' కింద రాసిన పవర్ సంగతి కూడా చూడండి. పవర్ అంటే వాట్లు, వోల్టులను కరెంటుతో గుణించి లెక్కగట్టేది. అమెరికాలో పవర్ పోయింది అంటారు, అది ఇక్కడి వాడుక. మనం కరెంటు పోయింది అంటాం, ఇది మన వాడుక. తీగ తెగితే అందులో పారడం ఆగిపోయేది కరెంటే. ఆ లెక్కన మన పిల్ల చెప్పిందే సైన్సుకు దగ్గర.

అసలు ఆ మాట పుట్టుకే పరుగులో ఉంది. లాటిన్‌లో కుర్రెరె అంటే పరుగెత్తడం. అక్కడి నుంచి ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చి, మొదట నీటి పారకానికి పేరైంది. సముద్రంలో పారే నీటిపాయ కరెంటే, వీచే గాలిపాయ కరెంటే. నడుస్తున్న కాలం కాబట్టి 'ప్రస్తుతం' అనే అర్థం వచ్చింది. చేతులు మారుతూ నడిచే డబ్బుకు కరెన్సీ అన్న పేరూ అదే వేరు నుంచి వచ్చింది. కోర్సు, కారిడార్, కొరియర్, కంప్యూటర్ తెర మీద కదిలే కర్సర్, అన్నీ ఆ ఇంటి పిల్లలే. పద్దెనిమిదో శతాబ్దంలో విద్యుత్తు మీద పరిశోధన చేసినవాళ్లు దాన్ని తీగలో పారే ఒక ద్రవంలా ఊహించుకున్నారు, అందుకే నీటి మాటనే దానికీ పెట్టారు. మన తెలుగు మీడియం పుస్తకాల్లో విద్యుత్ ప్రవాహం అని చదువుకున్నాం గుర్తుందా? అదీ ఏటి మాటే.

ఇంకో సంగతి. ఆ బడి ఉన్న ఊళ్లోనే ఈ మాట మూడు నాలుగు రకాలుగా తిరుగుతోంది. ఆ పిల్ల వాళ్ల అన్న గ్రూప్స్‌కు చదువుతున్నాడు, రోజూ పొద్దున లైబ్రరీకి పోయి కరెంట్ అఫైర్స్ రాసుకుంటాడు. ఎరువుల దుకాణం ఆయనకు బ్యాంకులో కరెంట్ అకౌంట్ ఉంది. బిల్లు కొట్టడానికి వచ్చేవాళ్లు కరెంటోళ్లు. తడిచేత్తో స్విచ్ ముట్టుకుంటే కరెంటు కొడుతుంది. ఒకదాన్ని ఇంకొకటనుకుని తికమకపడే మనిషి ఆ ఊళ్లో కనపడడు.

కరెంటు ప్రాణం కూడా తీస్తుంది. మా పక్క చేను పెద్దనాయన ఒక రాత్రి మడి ఎండుతోందని తనే ట్రాన్స్‌ఫార్మర్ కాడ ఫ్యూజు వేయబోయి పోయాడు. మా అమ్మ ఇప్పటికీ, "ఆయనను కరెంటు తీసుకపోయింది" అంటుంది. వాగు తీసుకపోయింది అన్నట్టే అంటుంది.

నల్లగొండ, పాలమూరు వాళ్లం ఈ మాటకున్న రెండు అర్థాలనూ కళ్లతో చూస్తూ పెరిగాం. కృష్ణమ్మ మన నేల మీద అడుగుపెట్టాక జూరాల దగ్గర 234 మెగావాట్లు, శ్రీశైలం ఎడమగట్టున భూగర్భంలో 900 మెగావాట్లు, నాగార్జునసాగర్ ప్రధాన కేంద్రంలో 815 మెగావాట్ల పైచిలుకు తయారు చేసే యంత్రాలున్నాయి. నది పారితే కరెంటు, కరెంటు ఉంటే బోర్లోంచి నీళ్లు. సాగర్ నీళ్లు పుట్టంగండి దగ్గర మోటర్లతో ఎత్తిపోస్తేనే నల్లగొండ మెట్టకు వస్తాయి. 2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలో మంటలు లేచి తొమ్మిదిమంది చనిపోయినప్పుడు, ఫోన్లో మా అమ్మ "కరెంటు చేసెటోళ్లు పోయిన్రు బిడ్డా" అని ఏడ్చింది. 2004 మే 14న వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు ఫైలు మీద సంతకం పడినా, 2018 జనవరి 1 నుంచి ఇరవై నాలుగు గంటల సరఫరా మొదలైనా, కాగితం మీద ఏం రాసి ఉన్నా, ఊళ్లో అందరి నోటా కరెంటే. ఇన్నేళ్ల ఎదురుచూపు, భయం, పంట ఆ మూడక్షరాల్లో ఉన్నాయి. ఆ పిల్ల "నైట్ కమ్" అన్నప్పుడు నాకు మా జీరో బల్బు కనిపించింది. ఇంట్లో విని ఉంటుంది. రాత్రి మోటర్ల కాలం ఆ ఇంట్లో ఇంకా మాటల్లో బతికే ఉంది.

ఇంకోవైపు కూడా చెప్పాలి. ఆ పిల్లకు ఇంగ్లీషు కావాలి. రేపు హైదరాబాద్‌లో ఇంటర్వ్యూకు పోతే, "కరెంట్ గాన్" అంటే ఎదుటివాళ్లు ముఖముఖాలు చూసుకుంటారు. వాక్యం సరిగ్గా కట్టడం, కరెంట్‌కు 'ప్రస్తుతం' అన్న అర్థం కూడా ఉందని తెలియడం, రెండూ అవసరమే. నా కొడుకు కథ దీనికి తిరగేసినట్టు ఉంటుంది. వాడు ఇక్కడ అమెరికాలోనే పుట్టాడు. పోయిన ఎండాకాలం వీడియో కాల్‌లో మా నాయిన, "కరెంట్ లేదు బిడ్డా, ఉక్కపోస్తుంది" అంటే, వాడు నా వైపు తిరిగి, "ప్రస్తుతం ఏం లేదు?" అని అడిగాడు. తాత మాటలో సగం వాడికి అందలేదు. మేమెవ్వరం వాణ్ని చూసి నవ్వలేదు. కూర్చోబెట్టి చెప్పాం. వాడికి ఆ మర్యాద దక్కింది. ఊళ్లో పిల్లకు ఎందుకు దక్కకూడదు?

మనలో చాలామంది ఇక్కడికి వచ్చిన కొత్తల్లో ఆఫీసులో ఒక మాట అని, చుట్టూ ఉన్నవాళ్లు నవ్వితే ముడుచుకుపోయినవాళ్లమే. బయటికి చెప్పుకోలేదు గానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ బాధ తెలిసిన మనం, సైకిలు కోసమో పుస్తకాల కోసమో వరసలో నిలబడ్డ పిల్లను చూసి ఎలా నవ్వగలిగాం? అది తలుచుకుంటేనే నాకు ఎక్కువ బాధగా ఉంది.

క్లాసు అయ్యాక ఆ పిల్ల దగ్గరికి పోయాను. చాలాసేపు మాట్లాడలేదు. "సాగర్ గేట్లు ఎప్పుడైనా చూశావా?" అంటే, బడి తరఫున పోయామంది. గేట్లు తెరిచినప్పుడు ఉరికే నీళ్లను కూడా కరెంట్ అంటారని, ఇంగ్లీషులో అదే పాత అర్థమని చెప్పాను. తలెత్తి చూసింది. "అయితే కరెంటు పారుతది కదా మేడం?" అంది. పారుతది అన్నాను.

కమిటీ పెద్దలకు, వచ్చే డిసెంబరు బాధ్యతలు తీసుకున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు చేతులెత్తి అడుగుతున్నాను. దయచేసి ఆ స్లైడు తీసేయండి. మాట ఇచ్చి, నీకు తెలిసిన అర్థం చెప్పు అని ముందు పిల్లల్నే అడగండి. వాళ్లు చెప్పింది బోర్డు మీద రాయండి. మనకు తెలిసినవి దాని పక్కన రాయండి, కొట్టేయకండి. ఆ వీడియో కూడా గ్రూపులోంచి తొలగించండి, ఆ పిల్ల ముఖం అందులో స్పష్టంగా కనిపిస్తోంది. కొత్త పాఠం తయారు చేసే పని నేను తీసుకుంటాను. లైను, ఫేసు, చార్జి, ఫ్యూజు, వాళ్ల ఇళ్లల్లో తిరిగే ఇంగ్లీషు మాటలు ఇంకా చాలా ఉన్నాయి.

మా నాయినతో ఈ సంగతి చెప్పాను. పాత స్టార్టర్ డబ్బా ఇంకా కొట్టంలోనే ఉందట, ఆంప్సు ముల్లు కదులుతూనే ఉందట. దుమ్ము తుడిచి బడికి తెచ్చిస్తానన్నాడు. ఎట్లా చదవాలో పిల్లలకు తనే చూపిస్తాడట.